మెడలో గడ్డ, సంచిలో ఆరు స్లైడ్లు: రెండో డాక్టరు దగ్గరికి వెళ్ళిన నా అనుభవం

మార్చి 5న నా థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేయాల్సింది. ఆ రోజు పొద్దున ఆరింటికల్లా ఖాళీ కడుపుతో రమ్మని చీటీ కూడా రాసిచ్చారు. ఆ చీటీ ఇంకా నా ఫైల్లోనే ఉంది. గ్రంథి కూడా నా మెడలోనే ఉంది. మధ్యలో జరిగింది తేదీలతో సహా రాస్తున్నాను. ఎందుకంటే ఆ రోజుల్లో ఇలాంటిది ఎవరైనా రాశారేమోనని నేను రాత్రులు కూర్చుని వెతికాను. దొరికినవన్నీ లక్షణాలూ కారణాలూ చికిత్సలే. ఏ కౌంటర్‌కి వెళ్ళాలి, అక్కడ ఏం అడగాలి, ఎన్నాళ్ళు పడుతుంది అన్నది ఒక్కరూ రాయలేదు.

ఫిబ్రవరి 9న గొంతు నొప్పి అని మామూలుగా చూపించుకోడానికి వెళ్తే డాక్టరు గారు మెడ తడిమి, "మింగండి" అన్నారు. మింగాను. "ఇంకోసారి" అన్నారు. ఆ రెండోసారికే నాకు గుండె జారింది. కుడివైపు చిన్న గడ్డలా ఉంది, కంగారు లేదు, స్కాన్ తీయిద్దాం అన్నారు. కంగారు లేదని డాక్టరు నోట వచ్చాక ఎవరైనా కంగారు పడకుండా ఉన్నారా?

11న రక్తపరీక్ష, మెడ స్కాన్ అయ్యాయి. థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పే టీఎస్‌హెచ్ 2.1, అంటే మామూలే. స్కాన్‌లో మాత్రం కుడివైపు 2.8 సెంటీమీటర్ల నోడ్యూల్, అంటే గడ్డ, టైరాడ్స్ 4 అని వచ్చింది. టైరాడ్స్ అంటే స్కాన్‌లో గడ్డ ఎంత అనుమానంగా కనిపిస్తోందో చెప్పే అంకె, అంకె పెరిగితే అనుమానం పెరిగినట్టు. ఎడమవైపు ఏమీ లేదు. 16న సూది పరీక్ష, అదే ఎఫ్ఎన్ఏసీ, గడ్డలోంచి సన్నటి సూదితో కణాలు తీసి చూసేది. నేను భయపడినంత లేదు. రక్తం తీసే సూదికన్నా సన్నగా ఉంటుంది. మెడ కింద దిండు పెట్టి, తల వెనక్కి వాల్చమని, గడ్డని చేత్తో పట్టుకుని మూడుసార్లు గుచ్చారు. పది నిమిషాల పని. చేత్తో పట్టుకుని గుచ్చారు అన్నానే, ఆ సంగతి అప్పుడు నాకు పట్టలేదు. తర్వాత కథంతా దాని చుట్టూనే తిరిగింది.

రిపోర్టుకి ఐదు రోజులు పట్టింది. ఫిబ్రవరి 21న వచ్చిన కాగితం మీద "బెథెస్డా కేటగిరీ 3" అని ఉంది. బెథెస్డా అంటే ఎవరో డాక్టరు పేరనుకున్నాను. అమెరికాలో ఒక ఊరి పేరట. అక్కడ జరిగిన సమావేశంలో సూది పరీక్ష ఫలితాలని ఆరు మెట్లుగా విడగొట్టారు. రెండు అంటే క్యాన్సర్ కాదు, ఆరు అంటే క్యాన్సరే. మూడు అంటే కణాలు కొంచెం తేడాగా ఉన్నాయి కానీ ఏమిటో తేల్చి చెప్పలేం అని. తేల్చలేం అని అంత పద్ధతిగా చెప్పే రిపోర్టు నేనెప్పుడూ చూడలేదు.

23న సర్జన్ గారి దగ్గరికి వెళ్ళాం, నేనూ మా ఆయనా. రెండు గంటలు బయట, ఏడు నిమిషాలు లోపల. ఆయన చెడ్డవాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. మర్యాదగానే మాట్లాడారు. రిపోర్టు చూసి, "అనుమానం ఉంది కాబట్టి గ్రంథి మొత్తం తీసేద్దాం. తర్వాత రోజూ ఒక మాత్ర వేసుకుంటే చాలు. సగం తీసి, రేపు క్యాన్సర్ అని తేలితే మళ్ళీ కోయాలి" అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. మా ఆయన తలూపారు. నేనూ ఊపాను. కింద కౌంటర్లో అడ్వాన్స్ కట్టాం, మార్చి 5కి తేదీ ఇచ్చారు.

25న మత్తు డాక్టరు పరీక్ష చేసి ఆపరేషన్‌కి ఫిట్ అని రాశారు. అక్కడే కన్సెంట్ ఫారం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటానని అడిగాను. కౌంటర్‌లో అమ్మాయి కాసేపు నా వంక చూసి, "సరే మేడమ్, అడ్మిషన్ రోజు తెండి" అంది. ఈ కథలో నేను చేసిన మొదటి మంచి పని అదేనేమో, అదీ ఏదో ఆలోచించి చేసింది కాదు, కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళాను.

మర్నాడు రాత్రి అందరూ పడుకున్నాక చదివాను. రక్తస్రావం, ఇన్ఫెక్షన్ లాంటివి ఏ ఆపరేషన్‌కైనా ఉంటాయి. నన్ను ఆపినవి రెండు లైన్లు. గొంతుకి వెళ్ళే నరం దెబ్బతింటే స్వరం తాత్కాలికంగా గానీ శాశ్వతంగా గానీ బొంగురుపోవచ్చు. థైరాయిడ్ వెనక అతుక్కుని ఉండే నాలుగు చిన్న గ్రంథులు దెబ్బతింటే కాల్షియం పడిపోయి, జీవితాంతం మందులు వాడాల్సి రావచ్చు. "ఒక మాత్ర" అని విన్నదానికీ ఈ కాగితానికీ పొంతన కుదరలేదు.

నా ఉద్యోగం ఫోన్లో మాట్లాడటం. రోజుకి అరవై డెబ్భై కాల్స్. గొంతు పోతే నాకు పోయేది పాట కాదు, జీతం. ఆ రాత్రి ఒక పిచ్చిపని చేశాను. ఫోన్ తీసి, రోజూ కాల్‌లో చెప్పే పలకరింపు నా గొంతుతోనే రికార్డ్ చేసుకున్నాను. తర్వాత పోల్చి చూసుకోడానికట. విన్నాక ఏడుపొచ్చింది.

ఇంకొకరిని అడుగుదామని పొద్దున్నే ఇంట్లో అన్నాను. మా అక్క ఫోన్లో కోప్పడింది. "మెడలో అనుమానం పెట్టుకుని ఊరంతా తిరుగుతావా? లేటయితే ఎవరిది పూచీ?" మా ఆయన భయం వేరు. "డాక్టరు గారికి తెలిస్తే కోపం రాదా? రేపు కత్తి పట్టేది ఆయనేగా." నవ్వకండి, నాకూ లోపల అదే ఉంది. తెలిసినవాళ్ళ ద్వారా ఒక డాక్టరుకి రిపోర్టు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాం. పావుగంటలో "చేయించేసుకోండి" అని జవాబు వచ్చింది. అది చూసి ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఆయన చదివిందీ అదే కాగితం కదా అనిపించింది. కాగితం తప్పయితే ఇద్దరూ తప్పే కదా?

అక్క అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. లేటయితే? నెట్లో వెతికితే ఒకచోట ధైర్యం, ఇంకోచోట గుండెపోటు. చివరికి ఫిబ్రవరి 27న సర్జన్ గారి ఆఫీసుకే ఫోన్ చేశాను. రెండో అభిప్రాయం అన్న మాట ఎత్తలేదు, ధైర్యం చాల్లేదు. "ఇంట్లో ఇబ్బంది వల్ల ఆపరేషన్ కొన్నాళ్ళు వాయిదా వేస్తే నాకేమైనా ప్రమాదమా, ఎన్ని వారాలు ఆగొచ్చు అని సార్‌ని అడిగి చెప్పండి" అన్నాను. సాయంత్రం ఆయనే చేశారు. "ఆరు ఎనిమిది వారాలు ఆగినా ఏం కాదు. థైరాయిడ్‌లో వచ్చేవి ఎక్కువ భాగం మెల్లగా పెరిగేవే. గొంతు మారినా, మింగడం కష్టమైనా, గడ్డ గబగబా పెరిగినా మాత్రం వెంటనే రండి" అన్నారు. ఆ ఒక్క కాల్‌తో నా టెన్షన్ సగం దిగింది. మార్చి 5 తేదీ వాయిదా పడింది. ఈ ప్రశ్న 23నే ఆ ఏడు నిమిషాల్లో అడిగి ఉంటే నాలుగు రాత్రులు నిద్రపోయేదాన్ని. ఇదే ప్రశ్నకి మీ డాక్టరు "ఆగకూడదు" అంటే అది కూడా జవాబే. అన్ని జబ్బులూ ఆగవు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నది తర్వాతి చిక్కు. మా ఆఫీసులో ఒకావిడ థైరాయిడ్‌కి ఏళ్ళ తరబడి మందులు వాడుతోంది. "ఇంకో సర్జన్ దగ్గరికి ఎందుకు, ముందు ఎండోక్రైనాలజిస్ట్‌కి చూపించు" అంది. అంటే థైరాయిడ్ లాంటి హార్మోన్ గ్రంథుల జబ్బులు చూసే డాక్టరు. ఆ మాట నాకు తట్టలేదు. వేరే ఆసుపత్రిలో, మొదటి డాక్టరుకి ఏ సంబంధమూ లేని చోట అపాయింట్‌మెంట్ అడిగితే మార్చి 10కి గానీ దొరకలేదు. అక్కడి రిసెప్షన్‌లో అబ్బాయి ఒక మాటన్నాడు: "రిపోర్టు ఒక్కటే కాదండీ, సూది పరీక్ష స్లైడ్లు కూడా తీసుకురండి."

స్లైడ్లంటే సూదితో తీసిన కణాలు పూసిన గాజు పలకలు. అవి మనవనీ, అడిగితే ఇస్తారనీ నాకు తెలీదు. 28న ల్యాబ్‌కి వెళ్ళి అడిగితే మొదట రిపోర్టు ఇంకో కాపీ తీసిచ్చారు. కాదు, గాజు స్లైడ్లు కావాలి అంటే లోపలికి వెళ్ళి ఎవరినో పిలుచుకొచ్చారు. దరఖాస్తు, గుర్తింపు కార్డు కాపీ, రెండు పనిదినాలు. మార్చి 3న వెళ్తే ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఆరు స్లైడ్లు పెట్టి, రిజిస్టర్‌లో సంతకం చేయించుకున్నారు. "జాగ్రత్తమ్మా, ఇవి పోతే మళ్ళీ రావు" అన్నాడు అక్కడి పెద్దాయన. ముక్క తీసి చేసే బయాప్సీ అయితే ఆ ముక్కని మైనంలో దాచిన బ్లాక్ నుంచి ఇంకో స్లైడు కోయొచ్చట. సూదితో తీసి గాజు మీద పూసింది అలా కాదు, ఉన్నవి ఆ ఆరే. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఇంటికి తెచ్చాను. స్కాన్ సెంటర్‌లో బొమ్మలు అడిగితే సీడీ ఇచ్చారు, దానికి వేరే డబ్బు.

మార్చి 10. గంటంపావు వెయిటింగ్. లోపలికి వెళ్ళగానే ఫైలు తెరిచి మొదటి డాక్టరు ఏమన్నారో చెప్పబోయాను. ఎండోక్రైనాలజిస్ట్ గారు చెయ్యి అడ్డం పెట్టి, "అది చివర్లో. ముందు మీ గురించి చెప్పండి" అన్నారు. చిన్నప్పుడు మెడకి రేడియేషన్ ఏమైనా ఇచ్చారా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉందా, గొంతు మారిందా, మింగుతుంటే అడ్డం తగులుతోందా. అన్నిటికీ లేదనే. మెడ రెండు పక్కలా చాలాసేపు తడిమి చూశారు. సీడీ కంప్యూటర్‌లో పెట్టి బొమ్మలు చూశారు. అప్పుడు అడిగారు, "సూది వేసేటప్పుడు పక్కన స్కాన్ మెషిన్ పెట్టారా?"

లేదన్నాను. చేత్తో పట్టుకుని వేశారన్నాను.

తెర మీద గడ్డని చూపించారు. సగం నీరు, సగం గట్టి భాగం. "చూడకుండా వేస్తే సూది నీళ్ళలోకి పోయి ఉండొచ్చు. కావాల్సింది ఈ గట్టి భాగం లోంచి. అంటే రిపోర్టు తప్పని కాదు, వాళ్ళకి దొరికిన దాన్ని బట్టి రాశారు." తర్వాత లెక్క చెప్పారు. 2023లో సవరించిన బెథెస్డా పద్ధతి ప్రకారం మూడో కేటగిరీ వచ్చి ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళలో సగటున నూటికి 22 మందికి క్యాన్సర్ తేలుతుందట. మిగతా 78 మందికి లేదు. "అందుకని మూడు ఒక్కసారి వచ్చిందని మొత్తం గ్రంథి తీయడానికి నేను తొందరపడను. మళ్ళీ మూడే వస్తే, ఎడమవైపు బాగుంది కాబట్టి కుడి సగం తీసి చూడమంటాను. సగమే తీస్తే ఒకవైపు నరానికే రిస్కు. కాల్షియం సమస్య శాశ్వతంగా ఉండిపోయే భయం కూడా దాదాపు పోతుంది. చాలామందికి మాత్ర కూడా అక్కర్లేదు." జన్యుపరీక్ష కూడా ఉందిట, దాని ఖర్చు విని మేమే వద్దన్నాం.

ముప్పై నిమిషాలు కూర్చోబెట్టారు. బయటికొచ్చాక మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మెట్లు దిగుతూ, "సగం అన్న మాట ఆయన మనకి చెప్పనే లేదు కదా" అన్నారు. చెప్పారు. మళ్ళీ కోయాల్సి వస్తుందని భయపెట్టే ముక్కగా చెప్పారు. ఎంచుకోదగ్గ దారిగా చెప్పలేదు.

స్లైడ్లు అక్కడి ల్యాబ్‌లో, రోజూ థైరాయిడ్ సూది పరీక్షలే చూసే డాక్టరు గారికి వెళ్ళాయి. తొమ్మిది రోజులు. మధ్యలో రెండుసార్లు ఫోన్ చేస్తే "ఇంకా రాలేదండీ" అన్నారు. రోజంతా ఇతరుల ఫిర్యాదులకి "ఇంకా ప్రాసెస్‌లో ఉందండీ" అని చెప్పేదాన్ని, ఆ మాట అవతలివైపు నుంచి వింటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. మార్చి 19న వచ్చింది. ఆరింటిలో నాలుగు స్లైడ్లలో రక్తమే ఎక్కువ, కణాలు కనపడటం లేదు. మిగతా రెండింట్లో కణాలు గాలికి ఎండిపోయి వాటి ఆకారం మారింది. తేడాగా కనిపించడానికి అదీ కారణం కావచ్చు, స్కాన్ చూస్తూ మళ్ళీ తీయండి అని రాశారు. అందులో క్యాన్సర్ ఉందనీ లేదు, లేదనీ లేదు. ఇంట్లో ఎవరికీ నచ్చని రిపోర్టు అది. అక్క, "ఇన్ని రోజులు తిరిగి ఇదా తేల్చింది?" అంది. నాకు మాత్రం చాలా పెద్ద సంగతి తెలిసినట్టే అనిపించింది. ఎండిపోయిన రెండు గాజు ముక్కల మీద ఆధారపడి నా గ్రంథి మొత్తం తీసేయబోయారు.

రెండో సూది వెంటనే వేయలేదు. మొదటి సూది చేసిన గాయం మానుతున్నప్పుడు కణాలు ఎలాగూ కొంచెం తేడాగా కనిపిస్తాయి, ఆ గందరగోళం మళ్ళీ ఎందుకు, కనీసం ఆరు వారాలు గడవనిద్దాం అన్నారు. ఆ ఎదురుచూపు అన్నిటికన్నా కష్టం. చెయ్యి ఊరికే మెడ మీదికి పోయేది. పనిలో కాల్స్ మధ్య ఖాళీ దొరికితే అద్దంలో మింగి చూసుకునేదాన్ని. ఒకరోజు గడ్డ పెరిగిందని నిర్ధారణకి వచ్చేశాను, మర్నాడు తగ్గిందని. కొలిచే సాధనం నా బొటనవేలు మరి.

ఏప్రిల్ 6న చేశారు. ఈసారి తీరే వేరు. ముందు స్కాన్ మళ్ళీ తీశారు, మెడ పక్కల లింఫ్ గ్రంథులతో సహా. గడ్డ 2.6 సెంటీమీటర్లు, టైరాడ్స్ 3 అన్నారు. ఎందుకు మారిందని అడిగితే, మనిషి మారితే చూపు కొంచెం మారుతుంది, అదీగాక నీరు కాస్త తగ్గింది అన్నారు. తెర మీద సూది మొన తెల్లగా కదులుతూ గట్టి భాగంలోకి వెళ్ళడం నేను కూడా ఓరకంట చూశాను. రెండుసార్లు తీశాక ఆగమన్నారు. పక్క గదిలో ఒకావిడ అప్పటికప్పుడు మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి, "ఇంకో రెండు కావాలి" అని తలుపు దగ్గర్నుంచి కేకేసింది. ఆ కేక నాకు కోటి రూపాయల మాట. సరిపోలేదని వారం తర్వాత కాగితం మీద కాకుండా, నేను బల్ల మీద ఉండగానే చెప్పారు.

ఏప్రిల్ 13న బెథెస్డా 2 అని వచ్చింది. క్యాన్సర్ కాదు. ఫిబ్రవరి 9 నుంచి లెక్కపెడితే సరిగ్గా తొమ్మిది వారాలు.

నూటికి నూరుపాళ్ళేనా అని అడిగాను. కాదన్నారు. ఈ కేటగిరీలో కూడా ఏదో కారణంతో ఆపరేషన్ అయిన వాళ్ళలో నూటికి ఓ నలుగురికి తేలుతుంది, అందుకే ఏడాది తర్వాత స్కాన్ తప్పకూడదు అన్నారు. అంతా బాగుంది, పొండి అని ఉంటే బహుశా నేను మూడో డాక్టర్ని వెతుక్కునేదాన్నేమో.

డబ్బు సంగతి. రెండో కన్సల్టేషన్, స్లైడ్ల పరిశీలన, స్కాన్, రెండో సూది పరీక్ష అన్నీ కలిపితే ఆపరేషన్ ఎస్టిమేట్‌లో ఎనిమిదో వంతు కూడా కాలేదు. కానీ ఆ ఎనిమిదో వంతు మొత్తం నా జేబులోంచే. ఆపరేషన్ అయితే ఇన్సూరెన్స్ ఇచ్చేది, అప్రూవల్ కూడా వచ్చేసింది. కోస్తే వాళ్ళిస్తారు, కోయాలా వద్దా అని అడిగితే నేనే పెట్టుకోవాలి. దీనికి ఐదు రోజుల సెలవు కూడా కలపండి.

ఏప్రిల్ 17న మొదటి సర్జన్ గారి దగ్గరికి వెళ్ళాం. అడ్వాన్స్ వెనక్కి కావాలంటే ఆయన సంతకం ఉండాలట, లేకపోతే ఆయనకి మొహం చూపించడానికి నాకు ధైర్యం లేదు. రిపోర్టులన్నీ ఆయన ముందు పెట్టి, తప్పు చేసిన పిల్లలా కూర్చున్నాను. వరసగా చదివారు. "ముందే ఈ రిపోర్టు వచ్చి ఉంటే నేనూ ఆపరేషన్ చెప్పేవాణ్ణి కాదు" అన్నారు. కోపం లేదు. సారీ కూడా లేదు. సంతకం పెట్టి, "ఏడాది తర్వాత స్కాన్ మర్చిపోకండి" అన్నారు, అచ్చం రెండో డాక్టరు గారిలాగే. రెండు నెలలు నేను భయపడిన కోపం ఆ గదిలో ఎక్కడా లేదు. మత్తు డాక్టరు పరీక్షకైన ఖర్చు మినహాయించుకుని మిగతా డబ్బు మే 8న వేశారు, 21 రోజులకి.

సర్జన్ గారిని కలిసిన రోజే స్లైడ్ల డబ్బా పట్టుకుని పాత ల్యాబ్‌కి వెళ్ళాను. పెద్దాయనే ఉన్నాడు. మూత తీసి, ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి చూసి ఆరు లెక్కపెట్టాడు. రిజిస్టర్‌లో పాత పేజీ వెతికి, నా పేరు పక్కన "ముట్టినవి" అని రాసి సంతకం పెట్టమన్నాడు. "చాలామంది తీసుకెళ్తారు గానీ తిరిగి తెచ్చేవాళ్ళు తక్కువమ్మా" అన్నాడు. ఏం తేలిందని మాత్రం అడగలేదు.